టాటూకి అర్థం ఎక్కడ వెతుక్కోవాలి, దాన్ని చెడకుండా ఎలా వేయించుకోవాలి

నా ఎడమ ముంజేతి లోపలి వైపు "ముట్టినది" అని ఉంటుంది. నాలుగు అక్షరాలు, అంతే. బొమ్మ లేదు, రంగు లేదు, చుట్టూ తీగలు లేవు. మాది పల్నాడులో ఒక ఊరు, నాన్నకి చిన్న కిరాణా కొట్టు ఉండేది. అరువు ఖాతా పుస్తకంలో ఎవరైనా బాకీ మొత్తం కట్టేస్తే ఆ పద్దు మీద అడ్డంగా ఒక గీత కొట్టి పక్కనే "ముట్టినది" అని రాసేవాడు. రాసేటప్పుడు చివరి "ది" మీది గుడిని తిన్నగా ముగించకుండా కుడివైపుకి ఒక లాగు లాగి వదిలేసేవాడు. ఆ లాగుతో సహా అది ఇప్పుడు నా చేతి మీద ఉంది.

ఇది చూసి కాలేజీ పిల్లలు, ఆఫీసులో జూనియర్లు చాలామంది అడుగుతుంటారు, "అన్నా, నేను కూడా మీనింగ్ ఉన్నది ఒకటి వేయించుకోవాలి, ఏం వేయించుకోను?" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు నాకు తెలిసిందంతా ఒకచోట రాస్తున్నాను. నేను టాటూ ఆర్టిస్టుని కాదు, డాక్టర్ని అంతకంటే కాదు. రెండు టాటూలు వేయించుకున్నవాడిని, ఒకటి సరిగ్గా, ఒకటి తొందరపడి. తొందరపడి వేయించుకున్నది ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో. నలుగురం ఫ్రెండ్స్ కలిసి హాస్టల్ దగ్గర ఒక షాపులో ఆఫర్ ఉందని వెళ్లి, వాళ్ల ఆల్బంలో చూసి ఇన్ఫినిటీ గుర్తు, దాని చివర ఎగురుతున్న పిట్టలు వేయించుకున్నాం. ఆ నలుగురిలో ఇద్దరితో ఇప్పుడు మాటల్లేవు. గీత లోతుగా దిగడం వల్ల సిరా పక్కకి పాకి పిట్టలు మరకల్లా అయిపోయాయి. దానికి అర్థమేంటని ఎవరైనా అడిగితే నా దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు, అదే నాకు బాధ. మీకు అలా జరగకూడదనే ఇదంతా.

ముందు ఇంట్లో పెద్దవాళ్ల చేతులు చూడండి

మా నాయనమ్మ ముంజేతి మీద ఐదు చుక్కలు ఉండేవి, నాలుగు మూలల్లో నాలుగు, మధ్యలో ఒకటి. చిన్నప్పుడు నేను వాటి మీద వేలు పెట్టి లెక్కపెట్టేవాణ్ణి. అందరూ వేయించుకుంటారు కాబట్టి వేయించుకుందేమో అనుకున్నాను చాలా ఏళ్లు. ఒకసారి కూర్చోబెట్టి అడిగితే అప్పుడు చెప్పింది. వాళ్ల అక్కకి పెళ్లి కుదిరి ఇంకో పది రోజుల్లో వెళ్లిపోతుందనగా, ఊళ్లోకి వచ్చిన ఎరుకల ఆవిడ చేత అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే రోజు ఒకేలా పొడిపించుకున్నారట. కూలి కింద చేటెడు బియ్యం, ఒక పాత చీర. ఇవాళ మనం మ్యాచింగ్ టాటూ అంటున్నది సరిగ్గా అదే కదా. అక్క పోయాక కూడా నాయనమ్మ స్నానం చేసేటప్పుడు ఆ చేతిని ఒకలా రుద్దుకునేది.

అందుకే చెబుతున్నా, టాటూకి సొంత అర్థం ఉండడం అనేది మన తరం కనిపెట్టింది కాదు. దీపపు మసిని ఆకు పసరుతో కలిపి సూదులతో పొడిచేవాళ్లు. ఆ మసి నల్లనిదే, చర్మం కింద చేరాక నీలం, పచ్చ కలిసిన రంగులో కనబడుతుంది కాబట్టి పచ్చబొట్టు అయింది. ఆదిలాబాద్ గోండు గూడేల్లో తోటి అనే తెగ స్త్రీలు తరతరాలుగా ఈ పని చేస్తూ వచ్చారు. ఛత్తీస్‌గఢ్‌లో రామ్‌నామీలు అని ఉన్నారు, గుళ్లలోకి రానివ్వని రోజుల్లో వాళ్లు రాముడి పేరుని ఒంటి మీదే రాయించుకోవడం మొదలుపెట్టారు, కొందరికి ముఖం మీద, కనురెప్పల మీద కూడా ఉంటుంది. ఇంతకంటే గట్టి కారణం ఉన్న టాటూ నాకు తెలిసి లేదు. వాళ్ల గుర్తు కాపీ కొట్టమని కాదు, కారణం ఎంత బలంగా ఉండాలో చూడమని. మీ ఇంట్లో అమ్మమ్మకో, నాయనమ్మకో, మేనత్తకో పచ్చబొట్టు ఉంటే మీ డిజైన్ వెతకడానికి ముందు దాని సంగతి అడగండి. చాలామందికి అక్కడే ఏదో ఒకటి దొరుకుతుంది.

అర్థం కాదు, సంగతి రాయండి

ఒక తెల్లకాగితం తీసుకోండి. "నా టాటూ అర్థం ఏంటి" అని రాయొద్దు, అలా మొదలుపెడితే బలం, స్వేచ్ఛ, నమ్మకం, నెవర్ గివ్ అప్ ఇలాంటివే వస్తాయి. అవి ఎవరు రాసినా ఒకేలా ఉంటాయి. దాని బదులు జరిగిన సంగతి ఒకటి రాయండి, ఏ ఊళ్లో, ఎవరితో, చేతిలో ఏముంది, ఏం మాట అన్నారు, అంత వివరంగా. ఐదారు సంగతులు రాస్తే వాటిలో ఏదో ఒక వస్తువో, మాటో, గీతో దానంతట అదే పైకి తేలుతుంది.

మా టీంలో ఒకమ్మాయి ఇలా రాయడానికి కూర్చున్నప్పుడు మొదట "అమ్మ అంటే బలం" అని రాసింది. ఇంకా రాయమన్నాం. అమ్మ టైలరింగ్ చేసి చదివించింది. ఇంకా? రాత్రి కరెంటు పోతే మిషన్ ఆపకుండా తను టార్చి పట్టుకునేది. ఇంకా? అమ్మ కింద పడ్డ బాబిన్ తీసివ్వమనేది, అది ఎప్పుడూ మంచం కిందకే దొర్లేది. అయిపోయింది, తన టాటూ బాబిన్. దాని నుంచి ఒక దారం ఊడి మణికట్టు చుట్టూ తిరిగి వస్తుంది. సింహం బొమ్మ వేయించుకుని అమ్మ అంటే బలం అని చెప్పుకోవచ్చు, కానీ ఆ బాబిన్ ఇంకెవరి చేతి మీదా ఉండదు. సిరిసిల్లలో పెరిగిన ఇంకో కుర్రాడు తాత మగ్గం మీది నాడె, అంటే దారాన్ని అటూ ఇటూ మోసే ముక్క, వేయించుకున్నాడు. ఒకడి నాన్న ఆర్టీసీ కండక్టర్, మిషన్లు రాకముందు టికెట్టుకి పంచ్ కొట్టేవాళ్లు కదా, ఆ చిన్న రంధ్రాలున్న టికెట్ ముక్క వాడి టాటూ.

నా సంగతి కూడా మొదట అంత లోతుగా లేదు. నాన్న కోవిడ్ రెండో వేవ్‌లో పోయాడు. నాకు ఆయన చేతిరాత చేతి మీద ఉండాలి, అంతవరకే అనుకున్నాను. ఏ మాట తీసుకోవాలో తెలియక ఖాతా పుస్తకాలు ముందేసుకుని పేజీలు తిప్పుతున్నా. 2020 నాటి పుస్తకంలో ఒక్క పేజీలోనే ఎనిమిదో తొమ్మిదో పద్దులకి "ముట్టినది" అని ఉంది, అన్నీ ఒకే పెన్నుతో, ఒకే వరసలో. ఆ నెలలో అంతమంది బాకీలు ఎలా కట్టారు అని అమ్మని అడిగాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, "వాళ్లెవరూ కట్టలేదురా. పనుల్లేక ఇళ్లల్లో కూర్చున్నారు, కొట్టుకి రావడానికి మొహం చెల్లక రావడం మానేశారు. మీ నాన్న అందరికీ ముట్టినదని రాసేసి, ఇక రండయ్యా అని కబురు పెట్టాడు."

నేను ఆ మాట తప్ప ఇంకేదీ చూడలేదు ఆ తర్వాత.

కాబట్టి చేయాల్సింది ఏంటంటే, డిజైన్ ఖాయం చేసుకునే ముందు ఆ సంగతి తెలిసిన ఇంకో మనిషిని తప్పకుండా అడగండి. మీకు తెలిసింది సగమే అయ్యుంటుంది.

జరిగిపోయినది వేయించుకోండి, జరగాలని ఉన్నది ఆపుకోండి

లవర్ పేరు వేయించుకోవాలా అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఇదే. పేరు వేయించుకోవడం అంటే ఇంకా జరగని ముప్పై నలభై ఏళ్లని చేతి మీద ముందుగా రాసుకోవడం. ప్రేమ నిజం కాదని నేను అనడం లేదు. ఇద్దరికీ మాత్రమే తెలిసిన ఒక చోటో, రోజో, వస్తువో ఉంటుంది కదా, మొదటిసారి కలిసిన బస్‌స్టాప్ నంబరో, తను ఇచ్చిన పుస్తకంలో దాచిన ఆకో, అది వేయించుకోండి. రేపు ఏం జరిగినా ఆ రోజు జరిగిందన్నది అబద్ధం అవ్వదు. అమ్మానాన్నల పేర్లు, పిల్లల పేర్లు వేరు, అవి మారవు. హీరో బొమ్మ గుండెల మీద వేయించుకునేవాళ్ల అభిమానాన్ని నేను తక్కువ చేయను, మా ఊళ్లో అలాంటివాళ్లు ఉన్నారు, మనసున్నవాళ్లు. కాకపోతే ముఖం వేయడం చాలా కష్టమైన పని, చిన్న సైజులో వేస్తే పదేళ్లకి కళ్లు, ముక్కు కలిసిపోయి ఎవరి ముఖమో తెలియకుండా పోతుంది. అరచేయంత పెద్దగా, ముఖాలే వేసే ఆర్టిస్ట్ దగ్గర వేయించుకునే స్తోమత ఉంటేనే వెళ్లండి.

ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు ఆ నెలలోనే పరిగెత్తొద్దు. నేను నాన్న సంవత్సరీకం అయ్యేదాకా ఆగాను. ఆగకపోతే ఆసుపత్రి మానిటర్ మీది గుండె గీత వేయించుకునేవాణ్ణి, అప్పుడు నా కళ్లముందు అదే ఉండేది మరి. సంవత్సరం తర్వాత నాకు ఆసుపత్రి కాదు, కొట్టు గుర్తొచ్చింది.

ఆ ఆగే సమయంలో డిజైన్‌ని ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకోండి, ప్రింట్ తీసి అద్దం పక్కన అంటించండి, బాల్‌పెన్నుతో అదే చోట గీసుకుని ఆఫీసుకి వెళ్లి రండి. గోరింటాకు కోన్‌తో వేసుకుని చూసినా మంచిదే. రోడ్డు పక్కన నల్ల మెహందీ అని అమ్మేది మాత్రం వద్దు, దాంట్లో జుట్టుకి వేసే రంగులోని పీపీడీ కలుపుతారు, చర్మం బొబ్బలెక్కి మచ్చలు పడ్డవాళ్లున్నారు. మూడు నెలలు చూసినా విసుగు రాకపోతే అది మీదే.

చేతిరాత, వేలిముద్ర తీసుకునే పద్ధతి

ఇది నేను బాగా తెలుసుకున్న విషయం కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను. చేతిరాత టాటూ కావాలంటే ఉత్తరం, ఖాతా పుస్తకం, డైరీ, పెళ్లి శుభలేఖ వెనక రాసిన చదివింపుల లెక్క, పచ్చడి సీసా మీద అంటించిన కాగితం, ఏదైనా పనికొస్తుంది. ఫోన్‌తో వాలుగా ఫోటో తీస్తే అక్షరాలు ఒకవైపు సాగిపోతాయి, కాబట్టి జిరాక్స్ షాపులో 600 డీపీఐలో కలర్ స్కాన్ చేయించండి. ఆర్టిస్టుకి ఇచ్చేటప్పుడు ఒకే మాట గట్టిగా చెప్పండి, "రూళ్లు తీసేయండి, అక్షరాన్ని మాత్రం ముట్టుకోకండి" అని. వాళ్లకి చక్కగా చేయాలని ఉంటుంది, వంకరగా ఉన్నది సరిచేస్తారు, తెగిన గీత కలిపేస్తారు. నా స్టెన్సిల్‌లో, అంటే చర్మం మీద ముందుగా వేసే అచ్చులో, "ట్టి" దగ్గర రీఫిల్ కక్కిన చిన్న చుక్కని మరక అనుకుని తీసేశారు. అది మరకే, కానీ నాన్న పెన్ను మరక. మళ్లీ పెట్టించుకున్నాను.

పుస్తకంలో ఆ అక్షరాలు ఐదు మిల్లీమీటర్ల ఎత్తున్నాయి. అంతే సైజులో వేయలేమని ఆర్టిస్ట్ చెబితే మొదట ఒప్పుకోలేదు, తర్వాత ఆయన ఓపిగ్గా చూపించాడు. తెలుగు అక్షరాల్లో లోపల ఖాళీలు ఉంటాయి కదా, సున్నా చుట్టి తిరిగే చోట్ల. సిరా ఏళ్లు గడిచేకొద్దీ కొంచెం వెడల్పు అవుతుంది, ఆ ఖాళీలు పూడుకుపోతాయి. ఇంగ్లీషు అక్షరం అంత చిన్నగా వేసినా బతుకుతుంది కానీ "ఘ", "ఝ", "క్ష" బతకవు. చివరికి పన్నెండు మిల్లీమీటర్లకి పెంచాం. ఒత్తులున్న మాట అయితే ఎత్తు ఎక్కువ పడుతుందని కూడా గుర్తుపెట్టుకుని చోటు ఎంచుకోండి.

చదువురాని అమ్మమ్మ, తాతల వేలిముద్ర వేయించుకోవడం నాకు చాలా నచ్చుతుంది, సంతకం కంటే అది వాళ్లకి దగ్గరగా ఉంటుంది. స్టాంప్ ప్యాడ్ సిరా ఎక్కువైతే ముద్ద అయిపోతుంది, కాబట్టి వేలిని ప్యాడ్ మీద ఒకసారి ఒత్తి, వరసగా ఏడెనిమిది ముద్రలు వేయించండి, మూడోదో నాలుగోదో గీతలు తేలి శుభ్రంగా వస్తుంది. అసలు సైజులో వేస్తే గీతలు కలిసిపోతాయి, పది రూపాయల బిళ్లంతకైనా పెంచాలి. ఇంకో మాట, ఇవాళ రేషన్ దగ్గర్నుంచి బ్యాంకు దాకా వేలిముద్రతోనే నడుస్తోంది, కాబట్టి బతికున్నవాళ్ల ముద్ర స్కాన్‌ని, దగ్గరనుంచి తీసిన ఫోటోని ఇన్‌స్టాలో పెట్టకండి. బతికున్నవాళ్ల బ్యాంకు సంతకం కూడా అలాగే వద్దు, వాళ్లు మామూలుగా రాసిన మాట ఏదైనా తీసుకోండి.

తెలుగు అక్షరాలు విరిగిపోతాయి, జాగ్రత్త

చేతిరాత కాకుండా టైపు చేసిన అక్షరాలు వేయించుకునేవాళ్లు ఇది రెండుసార్లు చదవండి. మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న, పెద్దమ్మ పేరు "సత్యవతి" అని వేయించుకున్నాడు. ఆర్టిస్ట్ వేరే రాష్ట్రం అతను, తెలుగు రాదు, పని మాత్రం శుభ్రంగా చేస్తాడు. అన్న పేరుని వాట్సాప్‌లో టైపు చేసి పంపాడు, ఆయన దాన్ని కాపీ చేసి తన డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేశాడు. భారతీయ లిపుల సెట్టింగ్ ఆన్ చేయని సాఫ్ట్‌వేర్లో ఒత్తులు కలవవు. "త" కింద ఉండాల్సిన య ఒత్తు పోయి, "త" నెత్తిన పొల్లు వచ్చి, పక్కన "య" పూర్తిగా నిలబడింది. అన్న చెయ్యి తనవైపు తిప్పుకుని తలకిందులుగా చూసుకుని బాగుందన్నాడు. ఇంటికొచ్చాక మూడో తరగతి చదివే వాళ్ల పాప చెయ్యి పట్టుకుని కూడబలుక్కుని "సత్... యవతి" అని చదివింది. తర్వాత ఆ పొల్లు మీద మల్లెమొగ్గ వేయించి కప్పాల్సి వచ్చింది.

కాబట్టి అక్షరాలని టెక్స్ట్‌గా పంపొద్దు. ఫోన్లోనో కంప్యూటర్లోనో పెద్దగా టైపు చేసి, ఒత్తులన్నీ కలిశాయని చూసుకుని, ఫోటోగానో పీడీఎఫ్‌గానో పంపండి. "శ్రీ", "లక్ష్మి", "కృష్ణ", "స్వేచ్ఛ" లాంటివి ఎక్కువగా విరుగుతాయి. స్పెల్లింగ్ మీకు ఎంత బాగా తెలుసనుకున్నా ఒక తెలుగు మాస్టారికో, బాగా చదివే ఇంకొకరికో చూపించండి, ద, ధ తేడా, బ, భ తేడా, దీర్ఘం ఒకటి తగ్గడం మన కళ్లకి ఆనవు. స్టెన్సిల్ చర్మం మీద ఊదారంగులో పడ్డాక మెషిన్ పెట్టకముందే లేచి నిలబడి, చెయ్యి మామూలుగా వదిలేసి, ఇంకొకరి చేత వెనక కెమెరాతో ఫోటో తీయించి అక్కడ లేని ఒక మనిషికి పంపి చదవమనండి. సెల్ఫీ వద్దు, కొన్ని ఫోన్లలో తిరగబడి వస్తుంది. ఈ పదినిమిషాలకి విసుక్కునే ఆర్టిస్ట్ అయితే స్టెన్సిల్ తుడిపించుకుని వచ్చేయండి. మనకి రాని భాషలో, అంటే చైనీస్, అరబిక్, సంస్కృతం శ్లోకాలు, వాటిని చదవగలిగిన మనిషి పక్కన లేకుండా వేయించుకోవద్దు.

ఎక్కడ వేయించుకోవాలి

డిఫెన్స్, పోలీస్ ఉద్యోగాలకి ప్రిపేర్ అయ్యే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది ముందు చూసుకోవాలి. బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్ లాంటి కేంద్ర బలగాల కానిస్టేబుల్ నోటిఫికేషన్లలో టాటూ గురించి స్పష్టంగా రాస్తారు: ముంజేతి లోపలి వైపు, అదీ సెల్యూట్ కొట్టని ఎడమ చేతికి, లేదా అరచేతి వెనక మాత్రమే ఒప్పుకుంటారు, సైజు కూడా ఆ భాగంలో పావు వంతు కంటే తక్కువ ఉండాలి. పేరు, దేవుడి గుర్తు లాంటివి ఫరవాలేదు. ఆర్మీలో కూడా ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనక తప్ప మిగతా చోట్ల ఒప్పుకోరు, ఆదివాసీ అభ్యర్థులకి సంప్రదాయ పచ్చబొట్ల విషయంలో సడలింపు ఉంది. మీరు రాయబోయే ఏడాది నోటిఫికేషన్ తెరిచి చదివి అప్పుడు నిర్ణయించుకోండి, మెడికల్‌లో పోతే ఎవరూ ఏమీ చేయలేరు.

దేవుడి బొమ్మ, ఓం, శ్లోకం నడుము కింద వద్దు. మీకు పట్టింపు లేకపోయినా ఇంట్లో వాళ్లకి ఉంటుంది, ఆ గొడవలో టాటూ వెనక మీ భక్తి ఎవరికీ కనబడదు. వేళ్ల మీద, అరచేతిలో, పాదం పక్కన వేసినవి తొందరగా వెలిసిపోతాయి. గాయం మానాక మచ్చ ఉబ్బెత్తుగా పెరిగే తత్వం, అంటే కీలాయిడ్, మీకుంటే ఛాతీ మీద, భుజాల మీద అస్సలు వద్దు, చర్మం డాక్టర్ని అడిగాకే ఎక్కడైనా.

గాయం మీద టాటూ గురించి

మణికట్టు మీద సెమికోలన్ (;) గుర్తు ఉన్న పిల్లలు ఈ మధ్య ఎక్కువగా కనబడుతున్నారు. తెలుగులో మనం దాన్ని పెద్దగా వాడం కాబట్టి చాలామందికి తెలియదు. 2013లో అమెరికాలో అమీ బ్లూయెల్ అనే ఆవిడ, ఆత్మహత్య చేసుకున్న తన తండ్రి గుర్తుగా దీన్ని మొదలుపెట్టారు. వాక్యాన్ని అక్కడే ముగించగలిగి కూడా ముగించకుండా కొనసాగించే చోట రచయిత పెట్టేది సెమికోలన్, ఆ రచయిత నువ్వు, ఆ వాక్యం నీ జీవితం అని దాని భావం. ఆ గుర్తు ఎవరి చేతి మీదైనా చూస్తే అర్థం అడక్కండి, వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా ఆగండి. ఫ్యాషన్ కోసం మాత్రం వేయించుకోవద్దు, ఎందుకంటే దాన్ని చూసి నిజంగా బాధలో ఉన్న మనిషి మీ దగ్గరికి మాట్లాడడానికి రావచ్చు.

పాత గాట్ల మీద, ఆపరేషన్ మచ్చల మీద వేయించుకోవాలనుకుంటే మచ్చకి కనీసం ఏడాది వయసు ఉండాలి, ఎర్రదనం పూర్తిగా పోవాలి. మచ్చ మీద సిరా ఒకేలా పట్టదు, అలాంటివి చేసిన అనుభవం ఉన్నవాళ్ల దగ్గరికే వెళ్లండి. మనసు ఇప్పుడే బరువుగా ఉంటే, ఏ అర్ధరాత్రైనా సరే, ముందు 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వానిది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

ఇంట్లో చెప్పడం

పద్దెనిమిది నిండకుండా వద్దు. నిండాక కూడా దాచి వేయించుకుని పండగకి ఇంటికెళ్లి ఫుల్ హ్యాండ్స్ షర్టుతో తిరగడం కంటే ముందే చెప్పడం మేలు. టాటూ అని మొదలుపెట్టకండి, సంగతితో మొదలుపెట్టండి. నేను అమ్మకి ఖాతా పుస్తకం తెచ్చి ఆ పేజీ తెరిచి చూపించి, "ఈ మాట నా చేతి మీద ఉండాలనుకుంటున్నా" అన్నాను. అమ్మ అడిగింది ఒక్కటే, నొప్పి పుడుతుందా అని. అందరి ఇళ్లల్లో ఇంత తేలిగ్గా ఉండదని తెలుసు. ఒప్పుకోకపోతే ఆరు నెలలాగి మళ్లీ అడగండి.

షాపులో, ఆ తర్వాత

సూది సీలు మీ ముందు విప్పాలి. సిరా చిన్న మూతల్లాంటి కప్పుల్లో మీ కోసం విడిగా పోయాలి, మిగిలింది పారేయాలి. గ్లవ్స్‌తో ఫోన్ ముట్టుకుంటే మళ్లీ మార్చుకోవాలి. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ అన్నీ ఒకరికి వాడిన సూదితో ఇంకొకరికి వస్తాయి, అందుకే జాతరలో బ్యాటరీ మెషిన్‌తో వరసగా అందరికీ వేసే దగ్గర కూర్చోవద్దు, ఎంత సరదాగా ఉన్నా సరే. హెపటైటిస్ బి టీకా వేయించుకున్నారో లేదో కూడా చూసుకోండి. ఆర్టిస్టుని ఫోటోలు అడిగేటప్పుడు అప్పుడే వేసినవి కాదు, ఏడాది రెండేళ్ల కిందట వేసి మానినవి చూపించమనండి, అసలు పనితనం అక్కడ తెలుస్తుంది. రేటు చాలాచోట్ల చదరపు అంగుళం లెక్కన ఉంటుంది, అక్షరాలకి ఒక కనీస చార్జీ పెడతారు. బేరం ఆడి తగ్గించుకునే చోటు కాదు ఇది.

వెళ్లే రోజు కడుపు నిండా తిని వెళ్లండి. వేశాక మొదటి రెండు మూడు వారాలు మామూలు సబ్బుతో మెల్లగా కడిగి, అద్ది, వాళ్లు చెప్పిన క్రీమ్ పల్చగా రాయండి. పసుపు, కొబ్బరినూనె అంటూ ఎవరి వైద్యం వాళ్లు చెబుతారు, వద్దు. పొట్టు ఊడుతుంటే దురద పుడుతుంది, గీకితే అక్కడ సిరా పోతుంది. ఈత, చెరువు, ఎండ మానేయండి. ఎరుపు, వాపు రోజురోజుకీ పెరిగినా, జ్వరం వచ్చినా షాపుకి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. రక్తదానం చేసేవాళ్లయితే ఏడాది దాకా మీ రక్తం తీసుకోరు, కాబట్టి వెళ్లే ముందు వారమే ఒకసారి ఇచ్చేసి రండి. లేజర్‌తో తీసేయొచ్చులే అన్న ధైర్యంతో మాత్రం వెళ్లకండి. నెలన్నర, రెండు నెలలకొకటి చొప్పున చాలా సిట్టింగులు పడతాయి, నలుపు కాస్త నయం, ఆకుపచ్చ, పసుపు మొండివి, మన చామనఛాయ చర్మం మీద తెల్లమచ్చ మిగిలే ప్రమాదం కూడా ఉంది.

సిరా ఎందుకు పోదో తెలిశాక నాకు టాటూ మీద గౌరవం ఇంకా పెరిగింది. సూది సిరాని పై చర్మం దాటించి లోపలి పొరలో వదులుతుంది. బయటి పదార్థం వచ్చిందని ఒంట్లోని రక్షణ కణాలు వచ్చి దాన్ని మింగేస్తాయి. ఆ కణాలు చచ్చిపోతే సిరా బయటపడుతుంది, పక్కనున్న కొత్త కణాలు మళ్లీ మింగుతాయి. 2018లో ఫ్రాన్స్ పరిశోధకులు ఎలుకల్లో ఇది చూపించారు. అంటే ఒక కణం పోతూ పోతూ ఇంకో కణం చేతిలో పెట్టి వెళ్తోందన్నమాట. నాన్న రాసిన మాట నా ఒంట్లో అలా చేతులు మారుతూ ఉంటుందని అనుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

చివరిగా, టాటూ అయిపోయింది కదా అని అసలు కాగితాన్ని వదిలేయకండి. లామినేషన్ అసలు చేయించొద్దు, ఆ వేడికి పాత కాగితం, సిరా పాడవుతాయి. మడత పెట్టకుండా తెల్లకాగితం మధ్య పెట్టి, ఎండ, చెమ్మ తగలని చోట ఉంచండి, స్కాన్ కాపీలు రెండు చోట్ల దాచండి. మా ఖాతా పుస్తకం అమ్మ బీరువాలో పట్టుచీరల కింద, పాత లుంగీ గుడ్డలో చుట్టి ఉంది. ఎప్పుడైనా ఇంటికి వెళ్తే అమ్మ అది తీసి ఆ పేజీ తెరుస్తుంది, నా చెయ్యి పక్కన పెట్టి, చివరి "ది" లాగు సరిగ్గా అంతే ఉందా లేదా అని వేలితో కొలుస్తుంది.